ఎట్ట తీస్తారో అడిగి కూర్చోండి: నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో ఒక నెయిల్ స్టూడియో

నేను మగ్గం వర్క్ చేస్తాను. నెల్లూరు బాలాజీ నగర్‌లో మా ఇంటి ముందు గదిలోనే మూడు ఫ్రేములు, నాతో పాటు ఇద్దరు అమ్మాయిలు. ఆరీ సూది కుడిచేతిలో పైన ఉంటుంది, దారం ఎడమచేతిలో గుడ్డ కింద ఉంటుంది. కింద ఏం జరుగుతోందో మాకు కనిపించదు. బొటనవేలు, చూపుడువేలి గోళ్ళ అంచులతో తడుముకుంటూ దారాన్ని సూది కొక్కేనికి అందిస్తాం. ఆ అంచు కాస్త చీలి ఉంటే జరీ అందులో ఇరుక్కుంటుంది. లాగితే పోగు విడిపోతుంది, కుట్టిన గొలుసు వెనక్కి ఊడొచ్చేస్తుంది. పెళ్ళి బ్లౌజ్ మీద ఒక్క మామిడిపిందె విప్పి మళ్ళీ కుట్టాలంటే గంట పోయినట్టే.

కాబట్టి నెయిల్ ఆర్ట్ గురించి నేను రాసేది డిజైన్లు చూసి మురిసిపోయి రాసింది మాత్రమే కాదు. గోళ్ళు పాడైతే నా పని ఆగిపోతుంది. ఒకసారి ఆగింది కూడా.

పోయిన మాఘంలో మా వీధిలో పెళ్ళికి అందరితో పాటు నేనూ ఊళ్ళో ఒక పార్లర్‌లో పొడుగు గోళ్ళు పెట్టించుకున్నాను. అక్రిలిక్. పౌడరు, లిక్విడు కలిపి ముద్దలా చేసి గోటి మీద దిద్దుతారు, గది నిండా ఘాటు వాసన. వేసినప్పుడు బాగానే ఉన్నాయి, ఫోటోలూ బాగా వచ్చాయి. పది రోజులకు పనికి అడ్డం వస్తున్నాయని తీయించుకోవడానికి వెళ్ళాను. ఆ రోజు అక్కడున్న అమ్మాయి ఒక ప్లాస్టిక్ టిప్ తీసుకుని, పెట్టిన గోటికీ నా గోటికీ మధ్య దూర్చి పైకి లేపింది. టప్‌మని ఊడింది. ఊడినదాన్ని తిప్పి చూస్తే అడుగున తెల్లగా, ఉల్లిపొరలాగా నా గోటి పొర అతుక్కుని ఉంది. పది వేళ్ళకూ అదే పని. మిగిలిన గరుకంతా డ్రిల్లుతో రుద్దింది, వేలు కాలినట్టు మండింది. ఆపమంటే "అంతే ఉంటదక్కా" అంది.

ఆ తర్వాత రెండు నెలలు వేడన్నం కలుపుకోలేకపోయాను. చింతపండు పిసకలేకపోయాను. గోళ్ళు కాగితంలా వంగిపోయేవి. కుడిచేతి ఉంగరపువేలికి చుట్టూ తోలు లోతుగా కత్తిరించడంతో చీము పట్టింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అని ఊరికే అనలేదు, సరిగ్గా అప్పుడే పదహారు బ్లౌజులు చేతిలో ఉన్నాయి. నాలుగు వేరేవాళ్ళకు ఇచ్చేశాను.

గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మొదటి నుంచి కొసదాకా కొత్త గోరు రావాలంటే దాదాపు ఆరు నెలలు పడుతుంది. పైకి వచ్చేసిన గోటికి ప్రాణం ఉండదు, అది వెంట్రుకలాంటిదే. పలచబడితే ఏ నూనె రాసినా తిరిగి మందం రాదు. పెంచుకుంటూ కత్తిరించుకుంటూ పోవడమే.

ఇక స్టూడియో సంగతి. మా అక్క కూతురి పెళ్ళి శ్రావణంలో, కావలిలో. ఏప్రిల్లోనే ఆ పిల్ల ఫోన్ చేసి "పిన్నీ, మాగుంట లేఅవుట్‌లో ఒకమ్మాయి నెయిల్స్ బాగా వేస్తుందంట, నాతో రా" అంది. నాకు ఇష్టం లేదు. పిల్ల ఒక్కతే పోతుందని వెళ్ళాను. మొదటి అంతస్తులో ఒకే గది, ఒకే టేబులు, ఒకే మనిషి. గూడూరు అమ్మాయి, చెన్నైలో పని నేర్చుకుని వచ్చిందట. పేరు, ఫోన్ నంబరు రాయొద్దని తనే అడిగింది. ఉన్నవాళ్ళకే టైం ఇవ్వలేకపోతున్నానంది. అందుకే రాయడం లేదు. మాగుంట లేఅవుట్‌లో మెట్ల పక్కన చెయ్యి బొమ్మ ఉన్న చిన్న బోర్డు అని అడిగితే చెప్తారు.

మా పిల్లతో మాట్లాడుతూ మాట్లాడుతూ నా చెయ్యి చూసింది. అడక్కుండానే తన చేతిలోకి తీసుకుని లైటు కిందికి జరిపింది. గోటి మీద అడ్డంగా ఎర్రటి గీత ఉంటే దాన్ని వేలితో తడిమి, "డ్రిల్లు నొక్కిపట్టారు కదక్కా" అంది. నేనేమీ చెప్పలేదు అప్పటికి. తర్వాత, "ఈ చేతికి ఇప్పుడు ఏమీ వేయనక్కా. మీరు డబ్బులిచ్చినా వేయను. ఆ గీత కొసదాకా జరిగి కత్తిరించేదాకా ఆగండి. గోళ్ళు పొట్టిగా ఉంచండి, గిన్నెలు తోమేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి, రాత్రి పడుకునేముందు గోటి మొదట్లో కొబ్బరినూనె రాయండి" అంది. పైసా తీసుకోలేదు.

వచ్చిన కస్టమర్‌ని వద్దని పంపే షాపులో నేను మళ్ళీ కూర్చుంటాను. మా పనిలోనూ అంతే. జార్జెట్ మీద బరువు వర్క్ అడిగితే గుడ్డ చిరుగుతుందమ్మా అని చెప్పేవాళ్ళ దగ్గరికే జనం తిరిగి వస్తారు.

పెళ్ళికి నాలుగు రోజుల ముందు ఇద్దరం వెళ్ళాం. అప్పటికి నా గోళ్ళు చాలావరకు కొత్తవి వచ్చాయి. పొద్దున పదిన్నరకు టైం ఇచ్చి పదకొండు ఇరవైకి కూర్చోబెట్టింది, ముందు వచ్చినావిడ పని అవ్వలేదు. వెంట వచ్చినవాళ్ళకు ఉన్నది ఒక్క ప్లాస్టిక్ స్టూలు. గదికి కిటికీ ఒకటే, అది కూడా సగం మూసే ఉంటుంది. వేసిన రంగు తీయడానికి వాడే అసిటోన్ వాసన బయటికి పోదు. గోళ్ళు అరగదీసే ఫైల్‌తో రుద్దితే లేచే పొడికి తను మాస్కు పెట్టుకుంది, మాకు అడిగితేనే ఇచ్చింది. అడక్కుండా ఇవ్వాలి. ఈ మాట తనతోనే చెప్పాను, ఇక్కడా రాస్తున్నాను. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఒకటి పెడితే గది వేరుగా ఉంటుంది.

పని మాత్రం పక్కన కూర్చుని రెప్ప వేయకుండా చూశాను.

ఫైల్ కొత్తది, కవరు చించి తీసింది. గోటి మొదట్లో అంటుకుని ఉండే పలచటి చర్మాన్ని తోసి గీకిందే తప్ప బతికి ఉన్న తోలును కత్తిరించలేదు. గోరు పైన మెరుపు పోయేంతవరకే, రెండే రెండు సార్లు మెత్తటి బఫర్‌తో తాకించింది. జిడ్డు, తడి తీసే మందు రాసింది. ఆ తర్వాత బేస్ కోట్, అంటే రంగుకు ముందు వేసే జెల్ అడుగు పొర. ఇక్కడ నాకు బాగా నచ్చింది. బ్రష్షు గోటి మొదటికి వెంట్రుకవాసి దూరంలో ఆపింది, అక్కడి నుంచి కొసకు లాగింది, చివర అంచును కూడా అడ్డంగా ఒకసారి మూసింది. అంచు మూయకపోతే నీళ్ళు లోపలికి దూరి జెల్ లేస్తుంది. మేం బ్లౌజ్ మెడకు పైపింగ్ వేసి అంచు మూసేది కూడా అందుకే కదా. చిటికెనవేలికి జెల్ తోలు మీదికి కాస్త పారింది. లాంప్‌లో పెట్టకుండా ఆపి, సన్న బ్రష్షుతో చుట్టూ తుడిచి, అప్పుడు పెట్టించింది.

ఎందుకంత జాగ్రత్త అని అడిగాను. జెల్ అంటే మామూలు నెయిల్ పాలిష్‌లా గాలికి ఆరేది కాదు. లాంప్ వెలుగు తగిలితే లోపలి పదార్థాలు ఒకదానికొకటి ముడిపడి గట్టిపడతాయి. పూర్తిగా గట్టిపడితే ఇబ్బంది తక్కువ. మందంగా పూస్తే పైన గట్టిపడి అడుగున పచ్చిగా ఉండిపోతుంది. ఆ పచ్చి జెల్ చర్మానికి తగులుతూ ఉంటే కొందరికి ఎలర్జీ వస్తుంది, వేళ్ళు దురద, పగుళ్ళు, గోరు కింద నుంచి లేచిపోవడం. ఒకసారి వచ్చిందంటే ఇక ఆ జాతి పదార్థాలు ఏవీ పడకపోవచ్చు. పళ్ళకు పెట్టే ఫిల్లింగుల్లో, ఎముకల ఆపరేషన్లలో వాడే సిమెంటులో ఉండేవి కూడా ఆ కుటుంబానివే. గోళ్ళ అందం కోసం తెచ్చుకున్న ఎలర్జీ రేపు పంటి డాక్టర్ దగ్గర అడ్డం రావచ్చన్నమాట. ఆన్‌లైన్‌లో చవకగా కిట్లు కొని ఇంట్లో పిల్లలు తోలంతా పూసుకుంటున్నారు, ఈ ఒక్క ముక్క వాళ్ళకు చెప్పండి.

ఒకే ఒక్క చోట తను ముందు చెప్పాల్సింది చెప్పలేదు. మా పిల్లకు బిల్డర్ జెల్ వేసింది, అది మామూలు జెల్ కంటే చిక్కగా ఉంటుంది, గోటికి బలం ఇస్తుంది. గట్టిపడేటప్పుడు దాంట్లోంచి వేడి పుడుతుంది. లాంప్‌లో చెయ్యి పెట్టగానే పిల్ల "అమ్మా" అని లాక్కుంది. అప్పుడు చెప్పింది, చురుక్కుమంటే తీసి, రెండు సెకన్లాగి మళ్ళీ పెట్టాలని. ముందే చెప్పి ఉంటే పిల్ల భయపడేది కాదు.

డిజైన్. పిల్ల ఫోన్లో దాచుకున్న బొమ్మలు నలభై ఉంటాయి. 2022లో అమెరికా మోడల్ హెయిలీ బీబర్ వేసుకున్నాక ఊరూరా పాకిన తెల్లటి ముత్యం మెరుపు గోళ్ళు, గోటి కొసన సన్న గీత ఉండే ఫ్రెంచ్, పిల్లికన్ను. ఈ పిల్లికన్నే ఇప్పుడు ఎక్కడ చూసినా ఉంది. ఆ జెల్‌లో ఇనుప రజను ఉంటుంది. పూసి, ఆరకముందే పైన చిన్న అయస్కాంతం పట్టుకుంటే రజనంతా ఒక గీతలోకి జరిగి, చెయ్యి కదిపినప్పుడల్లా వెలుగు కదులుతుంది. అయస్కాంతం తీసిన వెంటనే లాంప్‌లో పెట్టాలి, ఆలస్యమైతే గీత చెదిరిపోతుంది. ఒక్కో వేలికి విడిగా పట్టి, విడిగా లాంప్‌లో పెట్టింది. పది వేళ్ళనూ ఒకేసారి పూసేసి గబగబా అయస్కాంతం తిప్పే చోట గీత ఒక్కో వేలికి ఒక్కో తీరుగా రావడం చూశాను.

పిల్లకు ముత్యం తెలుపు కావాలి. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. కారణాలు రెండు. ఆషాఢంలో పెట్టుకున్న గోరింటాకు ఎరుపు గోళ్ళ కొసల్లో ఇంకా ఉంది. లేత రంగు జెల్ వేస్తే కింద నుంచి ఆ ఎరుపు సగం చంద్రుడిలా కనిపిస్తుంది. రెండోది పసుపు. నలుగు, మంగళస్నానం, తలంబ్రాలు, అన్నీ పసుపే. లేత జెల్ పసుపును పీల్చుకుని మర్నాటికి పాలిపోయినట్టు అవుతుంది. అది నిజమని నాకు కళ్ళారా తెలిసింది. పిల్ల మాట వినకుండా ఎడమచేతి ఉంగరపువేలికి మాత్రం ముత్యం రంగు వేయించుకుంది. పెళ్ళికూతుర్ని చేసిన రోజు నలుగుకే అది లేత పసుపు తిరిగింది.

మిగిలిన తొమ్మిదికీ ముదురు మెరూన్ పిల్లికన్ను. ప్రధానం చీర వెంకటగిరి జరీ, ఒళ్ళంతా చిన్న మామిడిపిందెలు. చీర మడత ఒకటి వెంట తీసుకెళ్ళాం. దాన్ని టేబుల్ మీద పరిచి, రెండు చేతుల చూపుడువేళ్ళకు ఆ పిందెను బంగారు జెల్‌తో దించింది. లైనర్ బ్రష్షుకు పదో పన్నెండో వెంట్రుకలు ఉంటాయేమో. ముందు పిందె వెన్ను ఒక్క గీతలో లాగింది. మణికట్టు టేబుల్‌కు ఆనించి, ఊపిరి బిగబట్టి, చిటికెనవేలు మా పిల్ల వేలికి ఆసరా పెట్టుకుని. తర్వాత ముక్కు వంపు. ఆ వంపు దగ్గర చాలామంది బ్రష్షు ఎత్తి మళ్ళీ పెడతారు, అక్కడ బొడిపె వస్తుంది. తను ఎత్తలేదు. బ్రష్షును పొట్ట మీద నుంచి మొన మీదికి తిప్పి అదే గీతను సన్నం చేసింది. పదిహేనేళ్ళుగా గుడ్డ మీద పిందెలు కుడుతున్నదాన్ని, ఆ మలుపు ఎంత కష్టమో నాకు తెలుసు. అరచేతిలో పావు వంతు కూడా లేని చోట అంత పని చూసి కళ్ళు చెమర్చాయి.

రాళ్ళు ఎక్కువ వద్దంది. గోటి మొదట్లో ఒక్కొక్కటి చొప్పున, చిక్కటి జెల్‌లో సగం మునిగేలా కూర్చోబెట్టింది. కొసలో పెడితే జడలో, చీర అంచులో తగులుకుంటాయి. మేం కుందన్ చుట్టూ జర్దోసి కట్టేదీ ఇందుకే, అంచు లేవకూడదు.

నాకు పొట్టి గోళ్ళకు ఒకే రంగు, ముదురు వంగపండు రంగు. అన్నిటికీ పైన చివరగా వేసే టాప్ కోట్ అంచులు ఎంత నున్నగా మూసిందంటే మర్నాడే జర్దోసి పని చేశాను, ఒక్క పోగు పట్టలేదు.

నా దగ్గర పనిచేసే అమ్మాయిల్లో ఒకామె రోజూ నమాజు చేస్తుంది. నమాజుకు ముందు చేతులు, ముఖం కడుక్కునే వజూలో నీళ్ళు గోటికి తగలాలి కాబట్టి జెల్ వేసుకోదు. వాళ్ళ అన్న పెళ్ళికి ఏం చేయాలని అడిగితే ఈ స్టూడియో అమ్మాయి పది వేళ్ళ కొలతలు తీసుకుని అంటించుకునే గోళ్ళు తయారుచేసి ఇచ్చింది. జిగురు స్టిక్కర్లతో పెట్టుకుని, నమాజు వేళకు తీసి, మళ్ళీ పెట్టుకోవచ్చు. డబ్బాలో దాచుకుంటే ఇంకో ఫంక్షన్‌కు పనికొస్తాయి. ఇలాంటిది అడిగితే విసుక్కోకుండా ఆలోచించి చేసింది.

ఎన్నాళ్ళు ఉన్నాయంటే, నావి పంతొమ్మిది రోజులు ఒక్కటీ లేవలేదు. పిల్లకు ముత్యం మెరుపు వేసిన ఆ ఒక్క గోటికి తొమ్మిదో రోజుకే కొసన మెరుపు అరిగి కింద రంగు కనిపించింది. ఆ మెరుపు పొడి రూపంలో రుద్దేది, పైన టాప్ కోట్ ఎంత మూసినా కొసల్లో ముందు పోయేది అదేనట. మెరూన్ గోళ్ళు మూడో వారం దాకా కొత్తగానే ఉన్నాయి, మొదట్లో గోరు పెరిగిన సందు తప్ప.

ఇక తీయడం. నేను ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం ఇదే.

భాద్రపదంలో ఒక మంగళవారం వెళ్ళాను. కూర్చోగానే నాకు చేతులు చల్లబడ్డాయి, మాఘంలో జరిగింది గుర్తొచ్చి. తను ముందు పైన టాప్ కోట్ మెరుపు మాత్రమే ఫైల్‌తో తీసింది. డ్రిల్లు ముట్టుకోలేదు. గోటి చుట్టూ తోలుకు వాసెలిన్ రాసింది, అసిటోన్‌కు చర్మం ఎండిపోకుండా. దూది చిన్న ముక్క, సరిగ్గా గోరంత, అసిటోన్‌లో ముంచి గోటి మీద పెట్టి, ఫాయిల్ చుట్టింది. పదిహేను నిమిషాలు. టీ తెప్పించింది, ఫాయిల్ చుట్టిన వేళ్ళతో గ్లాసు పట్టుకుని తాగాను. ఒక వేలికి ఫాయిల్ విప్పి చూసింది. జెల్ ఎండిన చెరువులో మట్టిలా పెచ్చులు లేచి ఉంది. చెక్కపుల్లతో మెల్లగా తోస్తే జారి వచ్చేసింది. బొటనవేలిది రాలేదు. బలవంతం చేయకుండా మళ్ళీ దూది పెట్టి, మళ్ళీ చుట్టి, ఇంకో ఏడు నిమిషాలు కూర్చోబెట్టింది. బయట ఇంకో కస్టమర్ ఉన్నారు, తొందరపడలేదు.

అంతా అయ్యాక గోళ్ళు పొడిగా, కాస్త తెల్లగా ఉన్నాయి. నూనె రాస్తే మామూలైపోయాయి. వంచి చూసుకున్నాను. గట్టిగా, వేసేముందు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. ఆ రాత్రి వేడి వేడి అన్నంలో గోంగూర కలుపుకున్నాను, ఏమీ అవ్వలేదు.

పిల్ల బిల్డర్ జెల్ మాత్రం పూర్తిగా కరిగేది కాదట. దాన్ని పైనుంచి ఫైల్ చేసి పలచన చేసి, చివరి పొర గోటికి అలాగే వదిలేసింది. అదీ గీకాలని చూస్తే గోరు పోతుంది, పెరిగే కొద్దీ కత్తిరించుకోమంది.

2025 సెప్టెంబర్ 1 నుంచి యూరోపియన్ యూనియన్ దేశాల్లో టీపీఓ అనే పదార్థం ఉన్న జెల్స్‌ను ఆపేశారు. జెల్‌ను లాంప్ కింద గట్టిపరచడానికి వాడేది అది. దాని గురించి అడిగితే సీసా తిప్పి వెనక ఉన్న పేర్లు చూపించింది, అది లేని బేస్ కోట్, టాప్ కోట్ తెప్పించానని చెప్పింది. మీరూ ఎక్కడికి వెళ్ళినా సీసా అడిగి చూడండి, చూపించేవాళ్ళు చూపిస్తారు. లాంప్‌లోంచి వచ్చే యూవీ వెలుగు చర్మానికి తగులుతుందని భయం ఉంటే వేళ్ళ కొసలు కత్తిరించిన గ్లవ్స్ తొడుక్కోవచ్చు, లేదా ముందే చేతులకు సన్‌స్క్రీన్ రాసుకోవచ్చు. ఆమె దగ్గర గ్లవ్స్ ఉన్నాయి.

రేట్లు నేనిచ్చినవి చెప్తాను. పొట్టి గోళ్ళకు ఒకే రంగు జెల్ 700 రూపాయలు. పెళ్ళికూతురి సెట్టు బిల్డర్ జెల్, పిల్లికన్ను, పిందెలు, రాళ్ళు అన్నీ కలిపి 3,200. తీయడానికి తను వేసినవైతే 150, వేరేచోట వేయించుకున్నవైతే 300. ఊళ్ళో ఇంతకంటే తక్కువకు వేసేవాళ్ళు ఉన్నారు. తీయడం ఫ్రీ అనేవాళ్ళూ ఉన్నారు. ఆ ఫ్రీలో ఎన్ని నిమిషాలు కూర్చోబెడతారో ముందే అడగండి, ఫాయిల్ చుట్టి నానబెడతారా, నానబెట్టకుండానే పుల్లతో లేపుతారా అని అడగండి. ఈ ప్రశ్నకు ఆ అమ్మాయి లాగా తడుముకోకుండా జవాబు చెప్తేనే చెయ్యి ఇవ్వండి.

ఆదివారాలు దొరకదు, మూఢంలో అయితే ఖాళీగా ఉంటుంది. కార్తీకం పెళ్ళిళ్ళ బ్లౌజులు పదకొండు నా ఫ్రేముల మీద ఉన్నాయి. అవి ఇచ్చేశాక వచ్చే గురువారం పొద్దున టైం తీసుకున్నాను, ఈసారి పచ్చ రంగు వేయమని చెప్పాను.